యంత్రం అడిగింది, మేం అవునన్నాం

1989లో నరసరావుపేటలోని మా కార్యాలయానికి కంప్యూటర్ దయచేసింది. దాని గదిలోకి చెప్పులతో రావద్దని బోర్డు పెట్టాం. గుంటూరులో మూడు రోజులు శిక్షణ పొందిన ఘనుణ్ణి కాబట్టి, దానికి ఆజ్ఞలిచ్చే బాధ్యత నాకు అప్పగించారు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆజ్ఞలు పుచ్చుకోవడమే తప్ప ఇచ్చి ఎరగను. ఇంట్లోనూ అంతే.

యంత్రానికి మర్యాద ఎక్కువ. నేను ఆజ్ఞను తప్పుగా టైపు చేస్తే కసురుకునేది కాదు. దానికి దగ్గరగా ఉన్న ఇంకో ఆజ్ఞను చూపించి, "తమరి ఉద్దేశం ఇదేనా?" అని ఇంగ్లీషులో అడిగేది. అవునో కాదో నొక్కాలి. నేను అవును నొక్కేవాణ్ణి. అడిగినవారికి కాదని చెప్పే దురలవాటు లేనందుకే నాకు రెండు ప్రమోషన్లు వచ్చాయి.

ఆ వేసవిలో ఇళ్ల స్థలాల దరఖాస్తులు నూట పన్నెండు యంత్రంలోకి ఎక్కించాం. ఇక కాగితాలెందుకని మా అధికారి గోపాలరావుగారు వాటిని పకోడీల కొట్టుకు పొట్లాలకు ఇప్పించేశారు. దూరదృష్టి అంటే అదీ! జాబితా అచ్చువేసి సాయంత్రానికి గుంటూరు పంపాలి. ఆ కంగారులో అక్షరాలు తారుమారుగా కొట్టాను. "తుడిచేయమనా తమరి ఉద్దేశం?" అంది యంత్రం. కాదని నాకు తెలుసు. అయినా నా వెధవ వేలు అవును మీదికే పోయింది.

గోపాలరావుగారు సిబ్బందిని సమావేశపరిచారు. "యంత్రం అడిగింది, మనం సమ్మతించాం. ఇందులో అక్రమం ఎక్కడుంది? జాబితా లేదు కాబట్టి దరఖాస్తులు లేవు. దరఖాస్తులు లేవు కాబట్టి అడిగినవాళ్లూ లేరు. అంతేనా?" అన్నారు. అంతేనన్నాం, అందరికంటే ముందు నేను.

ఆ ముక్కే కాగితాల మీద రాసి, దరఖాస్తు పెట్టినవాళ్లంతా రావాలని దండోరా వేయించి జనాన్ని పిలిపించాం. "నువ్వు దరఖాస్తు పెట్టలేదు, అవునా?" అని కుర్చీలోంచి ఆయన అడగడం, వాళ్లు అవుననడం, నేను రాసుకోవడం. నూట పదకొండు మంది వేలిముద్రలు వేసి వెళ్లారు. ఊరి చివర యూరియా సంచులు కప్పిన గుడిసెలో ఉండే బీబీ మాత్రం వేయలేదు.

"కాదు సారూ. పెట్టుకున్నా. ఇదిగో, ఈ రాసుకునే ఆయన చేతికే ఇచ్చా. వానొస్తే ముగ్గురు పిలకాయల్ని ఏడ దాచుకోను? ఏంది, అవునని ఎట్టా అంటా?"

అలవాటు కొద్దీ ఆమె అన్నదే రాశాను: కాదు. ఆ మాట మా కార్యాలయం కాగితం మీద పడటం అదే మొదటిసారి. ఒక్క క్షణం నాకు సిగ్గేసింది, అబద్ధం చెప్పను. గోపాలరావుగారు నా వైపు చూశారు.

ఆమె వెళ్లాక "కాదు" కొట్టేసి "అవును" అని నేనే సరిదిద్దాను. ఆమెను అడగలేదు.