చదువు మాన్పించే అల్మరా

మీ ఇంట్లో ఎవరికైనా పుస్తకాలు చదివే జబ్బుందా? కంగారు పడకండి. డాక్టర్ దగ్గరికి పరిగెత్తక్కర్లేదు, మందులు మింగించక్కర్లేదు. వాళ్ల కోసం ఇంట్లోనే, గోడకు గోడ సరిపోయేట్టు, సొంత చేతులతో ఒక పుస్తకాల అల్మరా కట్టడం మొదలుపెట్టండి. జబ్బు దానంతటదే కుదురుతుంది. ఇది ఎవరో చెప్పగా విన్న మాట కాదు, అనుభవం మీద చెబుతున్నాను. రోగిని నేను, వైద్యుడు మా ఆయన.

నా జబ్బు చాలా పాతది. ఆఫీసు నుంచి రాగానే టీ కప్పు పట్టుకుని, హాల్లో కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చుని, వెలుతురు ఉన్నంతసేపూ ఓ గంట చదువుకునేదాన్ని. ఆ గంటలో పొయ్యి మీద పాలు పొంగినా, కాలింగ్ బెల్లు మోగినా నాకు వినిపించేది కాదు. ఇలాంటి మనిషి వల్ల సంసారానికి ఎంత నష్టమో మీరే చెప్పండి! "పుస్తకం పట్టుకుందంటే ఇది ఇంట్లో ఉన్నట్టా, ఊరెళ్లినట్టా?" అని మా అత్తగారు అడిగేవారు. న్యాయమైన ప్రశ్నే. నేను నిజంగానే ఆ గంటసేపు ఎక్కడెక్కడికో వెళ్లి వచ్చేదాన్ని.

జబ్బు బాగా ముదిరిన రోజుల్లో నా చేతిలో ఒక నవల ఉండేది. పెద్ద సైజు, గట్టి అట్ట. అందులో ఒకావిడ, పెళ్లయిన ఇన్నేళ్లకు, ఒక సూట్‌కేసు సర్దుకుని ఎవరికీ చెప్పకుండా రైల్వే స్టేషన్‌కు వచ్చి బెంచీ మీద కూర్చుంది. రైలెక్కుతుందా? ఇంటికి తిరిగి వెళ్లిపోతుందా? పేజీ తిప్పితే తెలిసిపోతుంది. సరిగ్గా అక్కడ మా ఆయన నా భుజం తట్టి, "నీ పుస్తకాలకి నేనే స్వయంగా అల్మరా కడతానోయ్!" అని ప్రకటించారు.

ఆనందంతో నాకు నోట మాట రాలేదు. వచ్చేలోగా ఆయన నా చేతిలో ఉన్నదానితో సహా ఇంట్లో పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లోకి ఎత్తేసి టేపు వేసేశారు. పాత ఇనుప ర్యాకు పాత సామాన్లవాడి బండెక్కి వెళ్లిపోయింది. "ఎంతలోకి? రెండాదివారాలు ఓపిక పట్టు" అన్నారు. ఏ రెండాదివారాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

వడ్రంగిని పిలుద్దామా అని నేను ఒకసారి నోరు జారాను. మా ఆయన నొచ్చుకున్నారు. నొచ్చుకోరా మరి? వడ్రంగి కడితే అది అల్మరా అవుతుంది కానీ, భార్య మీద ప్రేమ ఎలా అవుతుంది? పైగా వడ్రంగి చకచకా కట్టేసి వెళ్లిపోతాడు. నేను మళ్లీ చదవడం మొదలుపెడతాను. జబ్బు తిరగబెడుతుంది. ఇవన్నీ ఆలోచించే మొగుడు దొరకడం ఈ రోజుల్లో మామూలు విషయం కాదు.

మా ఆయన విద్యాభ్యాసమంతా ఫోన్లో వీడియోల మీద సాగింది. ఒక గడ్డం ఆయన, ఇస్త్రీ నలగని చొక్కా వేసుకుని, వెనక ఏదో హుషారైన సంగీతం వస్తుండగా గోడంతా అరలు బిగించేసి, చివర్లో ఒక చిన్న పూలకుండీ పెట్టి నవ్వుతాడు. ఆయన ఇంట్లో దుమ్ముండదు. ఆయన స్క్రూ చేయిజారి సోఫా కిందికి పోదు. ఆయన భార్య ఒక్క వీడియోలోనూ కనిపించదు. మా ఆయన ఈ సంగతి గమనించలేదు. ఆవిడెక్కడుందో నాకు తెలుసు! కెమెరాకు అందని చోట చెక్క పలక రెండో చివర పట్టుకుని నిలబడి ఉంటుంది.

మా గోడ మాత్రం మధ్యలో కాస్త పొట్ట పెంచింది. ఇన్నేళ్లు అదే ఇంట్లో కాపురం చేసినా మాకు ఆ సంగతి తెలియదు. రసమట్టం కొనుక్కొచ్చి, అందులో బుడగ మధ్యకు రావడం లేదేమిటని ఆయన ఒక పూటంతా దాన్ని కోప్పడ్డాక తెలిసింది. ఆ రోజు నుంచి మా ఆయనకు ఇంట్లో ఏదీ తిన్నగా కనిపించలేదు. డైనింగ్ టేబుల్ వంకర, తలుపు వంకర. నా మెడ కూడా ఈ మధ్య కుడివైపుకి ఒరిగిందన్నారు. రోజూ పలకను తలతో ఆపితే ఒరగదా మరి?

ఇంతకీ ఈ ఉద్యమం వల్ల లాభాలు చెప్పనే లేదు. ఒకటా, రెండా!

కుటుంబ ఐక్యత చూడండి. అట్టపెట్టెలు డైనింగ్ టేబుల్‌నూ, మంచాలనూ ఆక్రమించాయి కాబట్టి అందరం హాల్లో నేల మీద ఒక్కచోట చేరి తిన్నాం. రంపపు పొట్టు చిన్నా పెద్దా తేడా లేకుండా అందరి కంచాల్లోనూ సమానంగా పడింది. మా అత్తగారు తుమ్మితే నేను తుమ్మేదాన్ని. నేను తుమ్మితే మా ఆయన, "అబ్బ, కదలకండి, కొలుస్తున్నానిక్కడ!" అనేవారు. ఇన్నాళ్లూ ఒకరితో ఒకరికి పనిలేకుండా తిన్న మనుషులం, ఒకే దుమ్ము పీల్చి ఒక్కటయ్యాం.

డ్రిల్లింగ్ మెషిన్ ఇంటికొచ్చాక ఇరుగుపొరుగు సంబంధాలు కూడా బలపడ్డాయి. లిఫ్టులో ఎదురైతే తల కూడా ఊపని పక్క ఫ్లాటు పెద్దమనిషి రోజూ మా తలుపు కొట్టి పలకరించడం మొదలుపెట్టారు. ఆయన వాడిన మాటలు ఇక్కడ రాస్తే ఎడిటర్‌గారు ఒప్పుకోరు. అయినా పలకరింపు పలకరింపే కదా!

ఇక నా గంట సంగతి. దాన్ని వృథా పోనిచ్చారనుకుంటున్నారా? నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పే వేళకు మా ఆయన సరిగ్గా ఒక పలక ఎత్తి పట్టుకుని సిద్ధంగా ఉండేవారు. "ఏమోయ్, ఒక్క నిమిషం ఆ చివర పట్టుకో." పట్టుకునేదాన్ని. ఆయన స్క్రూ వెతుక్కునేవారు. స్క్రూ దొరికాక స్క్రూడ్రైవర్ వెతుక్కునేవారు. అదీ దొరికాక ఫోన్ మోగేది. అవతల వాళ్లన్నయ్య. అల్మరా కట్టడం ఎంత తేలికో ఆయనకు మొదటి నుంచీ వివరించేవారు. నేను పలక కింద నిలబడి ఎదురుగా గోడకేసి చూసేదాన్ని. దాని మీద చదవడానికి ఒక్క అక్షరం లేదు! కళ్లకు ఎంత విశ్రాంతో చెప్పలేను.

మొదట్లో కాస్త బాధ కలిగిన మాట నిజం. దాచడం దేనికి, చాలా బాధ కలిగింది. ఏ పెట్టెలోనో, ఏ అడుగునో, ఆ బెంచీ మీద కూర్చున్నావిడ ఇంకా అలాగే కూర్చుని ఉంది. ఆవిడను ఎటూ కాకుండా వదిలేసి వచ్చినట్టు నాకు మనసు పీకేది. ఒక సాయంత్రం ఉండబట్టలేక ఒక పెట్టె టేపు ఊడదీయబోయాను. మా ఆయన పరిగెత్తుకొచ్చారు. "అయిపోవచ్చిందిగా, ఇప్పుడు చదివితే ఏం మజా? అల్మరాలోంచి తీసుకుని దర్జాగా చదువుకో, అప్పుడు చూడు!" టేపు మళ్లీ అతికించాను.

చదవడం మానేస్తే మెదడు మొద్దుబారుతుందని కొందరు బెదిరిస్తారు. నమ్మకండి. నాకిప్పుడు ప్లైవుడ్ వాసన చూసి రకం చెప్పగలిగేంత జ్ఞానం అబ్బింది. మొన్న ఆఫీసులో మీటింగ్ జరుగుతుంటే, మేనేజర్‌గారు ఏదో గంభీరంగా చెబుతుంటే, నా చూపు ఆయన వెనకున్న అల్మరా మీదే ఉంది. "సార్, ఆ అరకి మధ్యలో సపోర్టు లేదండీ, బరువుకి వంగుతుంది" అని అందరి ముందూ అనేశాను. ఆయన ఇప్పటికీ ఆ అల్మరాకు దూరంగా కూర్చుంటున్నారు. ఇదే మాట ఇంట్లోనూ చెప్పాను. మధ్యలో సపోర్టు పెడితే అందం పోతుందట. గడ్డం ఆయన పెట్టలేదట.

ఎట్టకేలకు అల్మరా పూర్తయింది! ఆ గోడ నుంచి ఈ గోడ దాకా, నేల నుంచి కప్పు దాకా. నా కుర్చీ ఉండే చోటు కూడా అందులోనే కలిసిపోయింది. స్విచ్‌బోర్డు సంగతి ఎవరికీ గుర్తులేదు కాబట్టి అదీ లోపలే ఉండిపోయింది. ఫ్యాన్ వేయాలంటే ప్రపంచ చరిత్ర తీయాలి, లైటు వేయాలంటే నిఘంటువు తీయాలి. ఎండాకాలంలో చరిత్రను ఇన్నిసార్లు చేతిలోకి తీసుకునే కుటుంబం ఇంకెక్కడైనా ఉందా?

పుస్తకాలు సర్దిన మర్నాడే మధ్య అర నడుం వంచింది. మా ఆయన దిగులుపడలేదు. ఒక చెక్కముక్క నిలబెట్టి చూశారు, పొడుగైంది. కోసి చూశారు, పొట్టిదైంది. అప్పుడు మిగిలిన ఒక్క అట్టపెట్టె తెరిచి, పుస్తకాలను ఒక్కొక్కటీ ఆ అర కింద నిలబెట్టి చూడడం మొదలుపెట్టారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. "చూశావా! కొలిచి చేయించినట్టు సరిపోయింది. నీ పుస్తకాల్లో ఒకటైనా పనికొచ్చింది!"

వంగిన అర కింద, నిటారుగా, గట్టి అట్టతో, నా నవల!

దాని ఎత్తు మా ఆయనకు మిల్లీమీటరుతో సహా తెలుసు. అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్పారు. పేరు మాత్రం తెలియదు. తెలియాల్సిన అవసరం ఏముంది? స్తంభానికి ఎవరైనా పేరు పెడతారా? ఆ బెంచీ మీదావిడ ఇన్నాళ్లూ పెట్టెలో ఊరికే కూర్చుంది, ఇప్పుడు నెత్తి మీద ఒక అర మోస్తోంది. సంసారం వదిలి ఎక్కడికి పోతావమ్మా అని ఎవరో గట్టిగా పట్టుకుని ఆపినట్టుంది.

ఆదివారం మధ్యాహ్నం మా ఆడపడుచు అల్మరా చూడ్డానికి వచ్చింది. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ చూపించారు. "అంతా దీనికోసమే అక్కా! దీనికి పుస్తకాలంటే ప్రాణం." ఆవిడ నా చెయ్యి నొక్కి, "నువ్వు అదృష్టవంతురాలివే! మీ అన్నయ్యగారైతే నా కోసం ఒక మేకు కూడా కొట్టరు" అంది. ఆ తర్వాత పాపం మనసుపడి, "నాకో మంచి పుస్తకం ఇవ్వరా, చదివి ఇచ్చేస్తాను" అని చెయ్యి చాపింది. మా ఆయన అడ్డంగా దూకారు. "ముట్టుకోకక్కా! ఒక్కటి తీసినా బ్యాలెన్స్ పోతుంది!" ఆవిడ చరిత్ర పుస్తకం తీసి, ఫ్యాన్ ఆపేసి, వెళ్లిపోయింది.

నిజంగానే అదృష్టవంతురాలినని నేను ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట. అల్మరా నేను అడగలేదు. ఇనుప ర్యాకు నాకు చాలు. సాయంత్రం గంటసేపు నన్ను నా మానాన వదిలేస్తే, ఎప్పుడైనా పక్కన కూర్చుని "ఏం చదువుతున్నావ్?" అని ఒక్క మాట అడిగితే, ఆ మనిషికి నేనే చాకిరీ చేసి గుడి కట్టేదాన్ని. ఈ మాట ఎన్నో ఏళ్లుగా నా గొంతులో ఉంది. ఎప్పుడు పైకి అందామన్నా ఏదో ఒకటి పట్టుకోమనేవారు.

ఆడపడుచు అటు వెళ్లగానే, "ఏమండీ, మధ్య అర ఇంకాస్త దిగినట్టుందే" అన్నాను.

ఆయన గాభరాగా వచ్చి రెండు అరచేతులూ దాని కింద ఆనించారు. "గట్టిగా ఎత్తండి" అన్నాను. ఎత్తారు. నేను వంగి నవల బయటికి లాగాను. వెన్ను కాస్త నలిగింది కానీ పేజీలు బాగానే ఉన్నాయి.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"చదువుకుంటున్నాను."

హాల్లో మిగిలిన ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఆయన ముందు కోప్పడ్డారు. తర్వాత బతిమాలారు. పై అరలన్నీ ఆ ఒక్కదాని మీదే ఆధారపడి ఉన్నాయని, చేతులు తీస్తే ఇన్ని నెలల కష్టం నేలపాలని నాకన్నా ఆయనకే బాగా తెలుసు. గదిలోంచి మా అత్తగారు, "ఏమైందిరా?" అని కేకేశారు. "ఏం లేదమ్మా" అన్నారు నీరసంగా. ఆ తర్వాత ఇల్లు ప్రశాంతంగా, నిశ్శబ్దంగా అయిపోయింది. ఇంత నిశ్శబ్దం మా ఇంట్లో ఉందని నేను మర్చిపోయాను.

నేను పేజీ తిప్పాను. ఆవిడ బెంచీ మీద నుంచి లేచి, సూట్‌కేసు చేతిలోకి తీసుకుంది.

కాసేపటికి మా ఆయన గొంతు వినిపించింది. పై అరలోని పుస్తకాలు సరిగ్గా ఆయన ముక్కు ముందున్నాయి. చూడ్డానికి ఇంకేమీ లేక తల పక్కకి వంచి వాటి వెన్నుల మీది పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటున్నారు. ఒకదాని దగ్గర ఆగారు.

"ఏమోయ్, ఇది నువ్వు చదివావా? ఇందులో ఏముంటుంది?"

పెళ్లయిన నాటి నుంచి ఆయన నన్ను అడుగుతారని నేను ఎదురుచూసిన ప్రశ్న అది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి వెళ్లి, ఆయన పక్కన నిలబడి, ఆ కథంతా చెప్పాలనిపించింది. కానీ సమయం సందర్భం చూసి అడగొద్దూ? రైలు ప్లాట్‌ఫాం మీదికి వస్తోంది.

"తర్వాత చెప్తాను. కదలకండి" అన్నాను.