పెద్దదాన్ని చంపేద్దాం

ఆ రోజు ఉదయం ఇంట్లో ఎవరి కార్యక్రమం వాళ్ళకు ఖాయమై ఉంది. పళ్ళ డాక్టరైన కొడుకు పెందలాడే క్లినిక్‌కు వెళ్ళి ఒక మొండి జ్ఞానదంతాన్ని పీకాలి. వ్యాయామ టీచరుగా పనిచేసి రిటైరైన అత్తగారు కిటికీ తెరలు ఉతకాలి. కోడలు ఆఫీసుకు వెళ్ళి, ఎంతోకాలంగా తాను నమ్ముతున్న ఒక మాటను నలుగురి ముందూ రుజువు చేయాలి.

కోడలు కంప్యూటర్ ఇంజినీరు. ఏ ప్రోగ్రాంకు ఎంత మెమరీ ఇవ్వాలో, ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చడానికి ప్రతి కంప్యూటర్లోనూ కెర్నెల్ అనే మూల ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. ఆమె పని దానితోనే. మెమరీ ఇరుకైనప్పుడు ప్రోగ్రాములు చోటు కోసం ఎంతసేపు చేతులు కట్టుకుని నిలబడుతున్నాయో కొలిచే మీటరును ఆమె ఆ కెర్నెల్లో రాసింది. ఆఫీసులో అందరికంటే సీనియరైన ఇంజినీరుకు ఆ మీటరు గిట్టలేదు. ఏ మెషీను గురించి చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే: "ఖాళీ ఎంత ఉంది?" అందుకే చాటున ఆయన్ని అందరూ ఖాళీగారనేవాళ్ళు.

"ఖాళీ కనిపించినంత మాత్రాన సుఖంగా ఉన్నట్టా సార్?" అని ఆమె వాదించేది. "ఒకదాన్ని బయటికి గెంటి ఇంకొకదానికి చోటిస్తాం. గెంటినదాన్నే మళ్ళీ లోపలికి లాక్కొస్తాం. ఈ గెంటుళ్ళతోనే పొద్దుపోతుంది, అసలు పని జరగదు. కొలవాల్సింది ఖాళీని కాదు, ఆలస్యాన్ని."

"నీ మీటరుకు నప్పే పరీక్షలు నువ్వే రాసుకుంటున్నావమ్మా. బయట ప్రపంచం అలా ఉండదు," అనేవారాయన.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. అందులో కొంత నిజం ఉండటమే దానికి కారణం. ఆ రోజు డైరెక్టరు చూసి సరేనంటే మీటరు కొత్త విడుదలలోకి వెళ్తుంది. కాదంటే ఇన్నాళ్ళ శ్రమ చెత్తబుట్టలోకి వెళ్తుంది.

బయలుదేరే ముందు ఆమె వంటింట్లో నిలబడి, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, డబ్బా మూత బిగిస్తూ తోటి ఇంజినీరుతో మాట్లాడింది. మీటరు హద్దు దాటగానే, అన్నిటికంటే ఎక్కువ మెమరీ మింగిన ప్రోగ్రాంను మెషీను దానంతటదే మూసేసే ఏర్పాటు ఉంది. అలా మూయడాన్ని ఇంజినీర్లు చంపడం అంటారు. తెరలు పట్టుకుని అటుగా వస్తున్న అత్తగారికి ఈ సంగతి తెలియదు. ఆవిడ చెవిన పడింది ఇదీ.

"చోటంతా అదే ఆక్రమించి కూర్చుంది. అడిగితే వదలదు. దానివల్ల ఎవరి పనీ సాగడం లేదు... లేదు లేదు, పిల్లల జోలికి వెళ్ళను. ముందు పెద్దదాన్ని చంపేద్దాం. పెద్దది పోతే అందరికీ ఊపిరాడుతుంది... చాటుగా ఎందుకు? డైరెక్టరు చూస్తుండగానే చేద్దాం."

మన భాషలో వస్తువైనా 'అదే', ఆడమనిషైనా 'అదే'. పొదుపు చేసింది వ్యాకరణం, ఖర్చు భరించేది సంసారాలు.

అత్తగారు భయపడే మనిషి కాదు. ఒక్క ఈలతో బడి మొత్తాన్ని వరసలో నిలబెట్టిన మనిషి. చంపడం అన్నదాన్ని ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు. బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కే కోడలు ఎవర్ని చంపగలదు? గుండెలో దిగబడింది మాత్రం 'అది' అన్న మాట. ఇన్నాళ్ళూ ఎవరడిగినా 'మా కోడలు యంత్రాల లోపల పనిచేస్తుంది' అని తలెత్తి చెప్పుకున్నారు. అలాంటి కోడలికి తనను 'ఆవిడ' అనడానికి నోరు రాలేదు.

"వెళ్ళొస్తానత్తయ్యా," అంటూ కోడలు నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ నవ్వుకు ఆవిడకు ఇంకా మండింది. తెరలు బకెట్లో పడేసి కొడుక్కి ఫోన్ చేశారు.

కొడుకు చేతులు రెండూ పేషెంటు నోట్లో ఉన్నాయి. నర్సు స్పీకర్ నొక్కి పట్టుకుంది.

"ఒరే, నేను ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నాను. నావల్ల ఎవరికీ చోటు చాలడం లేదట. నన్ను చంపేస్తానని నీ భార్య ఫోన్లో చెబుతోంది."

"అమ్మా, పేషెంటున్నాడు."

"ఉండనీ. నన్ను 'అది' అందిరా."

నోరు తెరిచి పడుకున్న పేషెంటు కళ్ళు కూడా బాగా తెరిచాడు. "సాయంత్రం మాట్లాడదాం అమ్మా," అన్నాడు కొడుకు, పట్టు జారకుండా చూసుకుంటూ. కొడుకు కూడా అటుపక్కే చేరాడని ఆవిడ తేల్చుకుని కూతురికి ఫోన్ చేశారు.

కూతురు సగం విని మొత్తం చెప్పగల మనిషి. 'వెళ్ళిపోతున్నాను, చంపేస్తారట' దాకా విని ఫోన్ పెట్టేసి, బంధువులందరూ ఉన్న గ్రూపులో 'అమ్మ ప్రాణం మీదికి వచ్చింది' అని రాసింది. 'ఏ ఆసుపత్రి?' అని మేనత్త అడిగింది. ఆసుపత్రి అన్న ముక్క ఒక్కటే చూసిన బాబాయి, చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ బొమ్మ చూసినవాళ్ళకు ఇక ఏమీ అడగాలనిపించలేదు. 'ఎంత మంచి మనిషి' అని మొదలుపెట్టారు. కూతురు మళ్ళీ తల్లికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. దాంతో ఆమె ఏడుస్తూ తల్లి పాత వీడియోలన్నీ ఒకదాని వెనక ఒకటి గ్రూపులోకి ఎక్కించసాగింది.

ఆ తల్లి ఫోన్ బట్టల సంచి అడుగున మోగుతోంది. సంచి ఆవిడ ఒళ్ళో ఉంది. ఆవిడ బస్సులో ఉన్నారు. బస్సు కోడలి ఆఫీసు వైపు వెళ్తోంది. ఇల్లు వదిలేది వదిలేదే, కానీ అడగాల్సింది మొహం మీద అడిగాకనే వదలాలని ఆవిడ నిర్ణయం.

ఆఫీసులో మీటింగు గది నిండింది. కోడలు తన సొంత ల్యాప్‌టాప్‌నే గోడమీది తెరకు తగిలించింది. తన కెర్నెల్‌ను ముందు తన మెషీను మీదే నడపాలని ఆమె పట్టుదల. తెర మీద ఎడమపక్క ఖాళీగారి మీటరు, కుడిపక్క ఆమె మీటరు. బంధువుల గ్రూపు అదే ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న సంగతి ఆమె మరిచిపోయింది.

పరీక్ష మొదలుపెట్టకముందే గోడమీద జానెడు అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. 'వదినా, అమ్మను ఏం చేశావు?'

డైరెక్టరు కళ్ళజోడు సర్దుకుంది.

'నిజం చెప్పు వదినా.' ఆ వెనకే వీడియోలు దిగసాగాయి. దిగింది దిగినట్టే ఆడసాగింది. పైనుంచి గ్రూపు కాల్ ఒకటి మోగింది.

"ముందు దాన్ని మూసెయ్యమ్మా," అన్నారు ఖాళీగారు ఇబ్బందిగా.

ఆమె మౌస్ కదిపింది. తెరమీద బాణం గుర్తు కదల్లేదు. అత్తయ్యకు ఏమైందోనన్న భయం ఒకపక్క, ఇంతమంది ముందు పరువు పోతోందన్న బాధ ఇంకోపక్క. భర్తకు చేద్దామని ఫోన్ తీస్తూ, అలవాటుకొద్దీ మీటర్ల వైపు చూసింది. భర్త దగ్గర్నుంచి వచ్చిన సందేశం ఫోన్లో అప్పటికే ఉంది: 'కంగారు పడకు. అమ్మ బాగానే ఉంది, నీమీద అలిగింది.' ఆమె ఫోన్ బల్లమీద పెట్టేసింది. మౌస్ మీది చెయ్యి కూడా తీసేసింది.

"మూయను సార్."

"అది మీ ఇంటి గొడవ కదమ్మా."

"గొడవ మాదే. పరీక్ష మాత్రం నేను రాసింది కాదు, మా బంధువులు రాసింది. మీ మీటరు చూడండి, ఇంకా ఖాళీ ఉందంటోంది, పచ్చగా ఉంది. బాణం గుర్తు చూడండి, కదలడం లేదు. ఇప్పుడు నా మీటరు చూడండి."

కుడిపక్క ఎర్ర గీత మెట్లెక్కినట్టు పైకి పోతోంది. గది మొత్తం దాన్నే చూస్తోంది. సరిగ్గా అప్పుడే రిసెప్షనిస్టు తలుపు తీసింది. వెనక సంచితో అత్తగారు నిలబడ్డారు. ఎదురుగా గోడమీద నిలువెత్తున మళ్ళీ ఆవిడే, ఎన్నో ఏళ్ళ కిందటి ఆటల పోటీల్లో ఈల నోట్లో పెట్టుకుని, వీడియో బిగుసుకుపోవడం వల్ల బుగ్గలు ఉబ్బి.

కోడలు వెనక్కి తిరగలేదు. "హద్దు దాటింది. చూస్తూ ఉండండి, ఇప్పుడు పెద్దది పోతుంది."

గ్రూపు దానంతటదే మూసుకుపోయి, గోడమీది అత్తగారు మాయమయ్యారు. బాణం గుర్తు చెంగున కదిలింది.

"పెద్దది ఎక్కడికీ పోలేదమ్మాయ్. ఇక్కడే ఉంది," అన్నారు తలుపు దగ్గరి అత్తగారు.

ఆవిడ నేరుగా బల్ల దాకా నడిచి వచ్చారు. "చంపడం సంగతి తర్వాత. పొద్దున నన్ను 'అది' అన్నావా, లేదా?"

కోడలికి అంతా ఒక్కసారిగా అర్థమైంది. "అత్తయ్యా, మిమ్మల్నెందుకంటాను? ప్రోగ్రాంను అన్నాను. చోటు ఎక్కువ తినేదాన్ని మేం పెద్దదంటాం."

"మరి పిల్లలు?"

"ఒక ప్రోగ్రాం పుట్టించిన చిన్న ప్రోగ్రాములు."

"ఊపిరాడనిది?"

"మెషీనుకు."

అత్తగారు కాసేపు తెరను పరిశీలించారు. "ఈ ఎర్ర గీత ఎవరు చేశారు?"

"నేనే అత్తయ్యా."

"ఆ పచ్చది?"

ఖాళీగారు గొంతు సవరించుకున్నారు. "నాదేనండీ. చివరిదాకా పచ్చగానే ఉంది." తర్వాత కోడలి వైపు తిరిగి నిజాయితీగా అన్నారు. "ఈ పరీక్ష నువ్వు రాసుకున్నావని మాత్రం అనలేనమ్మా. ఇలాంటిది రాయడం ఎవరివల్లా కాదు."

"విడుదలలో పెట్టండి," అంది డైరెక్టరు.

అత్తగారు బట్టల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, ముందు వరసలో నిటారుగా కూర్చున్నారు. పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఇంజినీరుతో "మా కోడలు" అన్నారు. అతను తల ఊపాడు. అది చాలక అటుపక్క అతనితోనూ అన్నారు. ఆ తర్వాత ఫోన్ తీసి గ్రూపులో తన గొంతుతోనే సందేశం పెట్టారు. "నేను బతికే ఉన్నాను. కోడలి ఆఫీసులో ఉన్నాను. ఇక్కడ ముఖ్యమైన పని నడుస్తోంది, ఎవరూ ఫోన్ చేయకండి." పెట్టేసి కోడలి వైపు చూశారు.

"మొదట్నుంచీ ఇంకోసారి చెయ్యమ్మా. నేను ఆలస్యంగా వచ్చాను."

కోడలు మళ్ళీ చేసింది. ఈసారి మాట్లాడుతుంటే ఆమె వెన్ను కూడా అత్తగారి వెన్నులాగే నిటారుగా ఉంది.

కోడలి ఘనత బంధువులందరికీ అత్తగారు స్వయంగా ఫోన్ చేసి చెప్పారు. అభినందించడానికి ఆదివారం అందరూ వచ్చారు. తలా ఒక నత్తనడక నడుస్తున్న ఫోను పట్టుకొచ్చారు, ఒకాయన మాత్రం వేడెక్కని ఇస్త్రీపెట్టె తెచ్చాడు.