అద్దెగుహకు మంచిరోజు

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున, దుప్పిగారి అద్దెగుహ ఒకటి అమ్మకానికొచ్చింది. ఆ సంగతి అందులో అద్దెకున్న ముళ్ళపందికి తప్ప అడవంతటికీ తెలుసు.

ఎలుగుబంటి జాంబయ్య దాని మీద మనసుపడ్డాడు. చెట్లెక్కలేని వయసులో కూర్చుని అద్దె తినాలని ఆయన ఆశ. అందుకోసం ఏళ్ళ తరబడి నోరు కట్టుకుని తేనె దాచాడు. ఆయన్ని చూసి తేనెటీగలే జాలిపడేవి.

"వానలు పడనీండి, అప్పుడు చూసి కొందాం," అంది భార్య వెంకాయమ్మ.

"పిచ్చిదానా! వానలొస్తే ఆషాఢం. శూన్యమాసంలో ఎవరైనా ఇల్లు చూస్తారటే?"

నిజమే. ఆ అడవిలో ఇల్లు చూడాలన్నా, వెల కట్టించాలన్నా వైశాఖమే. వాగులో ఇసుక తప్ప ఇంకేమీ ఉండని రోజులు.

బ్రోకరు రంగనాథం, ఊసరవెల్లి, గుహ రంగులో నిలబడి ఎదురొచ్చాడు. "రండి బావగారూ! ఎంత చల్లగా ఉందో చూడండి!"

"అద్దెకున్నావిడ లేదుగా?"

"దుంపలకెళ్ళింది. మీరు చెప్పినట్టే ఆవిడ లేనప్పుడే రప్పించాను."

అదీ జాంబయ్య తెలివి. కొంటున్నట్టు తెలిస్తే, తను అద్దె పెంచేలోపే ఆవిడ బేరానికి దిగుతుందని భయం.

వెల కట్టడానికి గుడ్లగూబ వచ్చింది, మిట్టమధ్యాహ్నం. ఆఫీసు వేళలు పగలే మరి. దానికి కళ్ళు కనిపించే వేళకి డ్యూటీ అయిపోతుంది. తడుముకుంటూ లోపలికెళ్ళి, జాంబయ్య పొట్ట మీద రెక్క వేసి, "గోడ దిట్టంగా ఉంది," అంది.

"అది నేనండీ."

"అయితే మీరూ దిట్టంగానే ఉన్నారు. కొనేయండి."

కప్పుకి జానెడు కిందగా, గోడల చుట్టూ ఎండిన పాచి చార జాంబయ్య కంటబడింది. "ఇదేమిటోయ్?"

"బోర్డరు," అన్నాడు రంగనాథం, మెల్లగా ఆకుపచ్చబడుతూ. "పాతకాలం పనితనం. ఇప్పుడెవరు వేస్తున్నారు బావగారూ!"

తేనె చేతులు మారింది.

ఆషాఢంలో మంచి వాన పడ్డాక జాంబయ్య అద్దె వసూలుకి వెళ్ళాడు. గుహలో వాగు కాపురం పెట్టింది. నీళ్ళు సరిగ్గా బోర్డరు దాకా ఉన్నాయి. ముళ్ళపంది సామానుతో సహా గుట్ట మీద కూర్చుంది.

"ఏటా ఇంతే బాబాయ్. వానలొస్తే నేను గుట్టెక్కేస్తా. గుహ వైపు చూడను, అద్దె కట్టను. దుప్పిగారు చెప్పలేదా?"

"నువ్వైనా ఒక్క మాట చెప్పొద్దటమ్మా?"

"నువ్వు కొంటున్నావని నాకెవరు చెప్పారు? అడిగుంటే దుంపలు పెట్టి మరీ చెప్పేదాన్ని."

జాంబయ్య రంగనాథం కోసం వెతికాడు. వానలకి అడవంతా పచ్చగా ఉంది. ఏది ఆకో, ఏది బ్రోకరో తెలియలేదు.

ఇంటికొచ్చి చతికిలబడ్డాడు. వెంకాయమ్మ నోరెత్తలేదు.

"ఏదో ఒకటి తిట్టవే. ఇలా ఊరుకుంటే భయంగా ఉంది."

"శూన్యమాసం కదండీ, శ్రావణం రానివ్వండి."

శ్రావణమంతా తిట్లు తిని, జాంబయ్య నేరుగా పురోహితుడి దగ్గరకెళ్ళాడు. కొంగశాస్త్రి ఒంటికాలి మీద కునుకు తీస్తున్నాడు.

"శాస్త్రిగారూ, వచ్చే వైశాఖంలో గుహకి మంచిరోజు చూడండి."

శాస్త్రి ఒక కన్ను తెరిచాడు. "బుద్ధి రాలేదుటోయ్? ఇంకోటి కొంటావా?"

"వచ్చింది కాబట్టే అడుగుతున్నా. ఉన్నదే అమ్ముతా. మిట్టమధ్యాహ్నం ముహూర్తమైతే మరీ మంచిది."

నీతి: ఇల్లు కొనేవాడు వాన చూసుకోవాలి, మంచిరోజు చూసుకోవాల్సింది అమ్మేవాడు.