పగడానికి నూటికి నూరు

గృహ పగడ పోషకుల సంఘం వారి వార్షిక వర్ణశోభ షీల్డు ఈ ఏడు బజారు మూల కళ్లజోళ్ల దుకాణం యజమానికి దక్కిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. నూటికి నూరు మార్కులు. సంఘం పుట్టాక ఇదే మొదటిసారి. మార్కులన్నీ రంగుకే. పగడం బతికుందా లేదా అనే గడి తనిఖీ పత్రంలో లేదు. పత్రం ఒక్క పేజీకి మించరాదని కార్యవర్గం లోగడే తీర్మానించింది.

కళ్లజోళ్లాయన హాల్లో నాలుగడుగుల గాజు తొట్టి, అందులో ఉప్పునీళ్లు, నీళ్లలో ఒక రాయి, రాతి మీద కొమ్మలు కొమ్మలుగా ఒక పగడం ఉన్నాయి. వేలెడంత ముక్క తెచ్చి ఏడేళ్లు పెంచితే క్యాబేజీ అంత అయింది. పొద్దున్నే భార్యను పలకరించకముందే దాన్ని పలకరించేవారు. నీళ్ల వేడి అర డిగ్రీ పెరిగిందంటే దుకాణం షట్టరు దించేసి ఇంటికి పరుగెత్తేవారు. పగడం నిక్షేపంగా ఉండేది. దానికున్న లోపమల్లా ఒక్కటే, గోధుమరంగు.

పగడం ఒంట్లో కంటికి ఆననంత చిన్న నాచు కాపురం ఉంటుంది. వెలుతురుతో వండి ఇంటి యజమానికి పెడుతుంది. నాచు నిండుగా ఉన్నన్నాళ్లూ పగడం గోధుమరంగులో కడుపు చల్లగా బతుకుతుంది. నెత్తిన లైటు మరీ మండిపోతే నాచు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతుంది. అప్పుడు పగడానికి రంగు తేలుతుంది, ఆ వెనకే ఆకలీ మొదలవుతుంది. ఈ సంగతి సభ్యులందరికీ కంఠతా వచ్చు. సంఘం సర్వసభ్య సమావేశంలో ఏటా దీన్ని నిలబడి చదువుతారు కూడా.

సంఘం కార్యదర్శి పళ్ల డాక్టరు. పంటి రంగు సరిచూసే అట్టలాంటిదే ఒకటి చేయించి, ఏటా ఇంటింటికీ తిరిగి పగడాల పక్కన పెట్టి మార్కులు వేస్తారు. ముప్ఫై ఏళ్లుగా జనం నోళ్లలోకి చూస్తున్న మనిషి. ఆయన లెక్కలో తెలుపును మించిన ఆరోగ్యం లేదు. పోయినేడు కళ్లజోళ్లాయన పగడానికి నలభై వేసి, "గోధుమ. మరింత కృషి అవసరం" అని రాసి సంతకం పెట్టారు. ఆ కాగితం చూశాక కళ్లజోళ్లాయనకు రెండు రోజులు ముద్ద దిగలేదు. ఎలా దిగుతుంది? ఏడేళ్లు కంటికి రెప్పలా పెంచింది బొటాబొటి మార్కులకా!

తొలి చర్యగా నీలం లైట్లు బిగించారు. ఆ వెలుగులో పగడం పచ్చగా మిలమిలలాడింది. దాంతోపాటు గోడలు నీలం, పాలు నీలం, మనుషులు నీలం అయ్యారు. చూడవచ్చిన అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయి, "అల్లుడుగారి గుండె సరిగ్గానే కొట్టుకుంటోందా అమ్మాయీ?" అని కూతురి చెవిలో అడిగింది. ఇంతా చేశాక, తనిఖీ తెల్లలైటు కిందే జరగాలని నియమావళి ఏడో నిబంధనలో కనిపించింది. నీలం లైట్లు అటక మీదికి బదిలీ అయ్యాయి.

మలి చర్యగా తెల్లలైటు పెంచారు. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. హాల్లో పేపరు చదవాలంటే నల్లకళ్లద్దాలు పెట్టుకోక తప్పలేదు. దుకాణం సొంతం కాబట్టి వాటికి కొదవ లేదు.

నెల తిరక్కుండా పగడం గులాబీ రంగుకు తేలింది, ఆ తర్వాత లేత ఊదాకు. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, గ్యాసు బండ తెచ్చినతను కూడా "అబ్బ, ఎంత తేటపడిందండీ!" అన్నారు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేస్తున్న భార్య ఒక్కతే నల్లద్దాలు నొసటి మీదికి తోసి చూసింది.

"ఏమండీ, ఇది రంగు రావడం కాదు, పాలిపోవడం. మా వార్డులో మనిషి ఈ రంగుకొస్తే పరుగెత్తుకెళ్లి సెలైను పెడతాం."

"నీకు ఏది చూసినా రోగమే."

"మీకు ఏది చూసినా మార్కులే."

ఆ మాట ఆయనకు చురుక్కుమంది. తొట్టి ముందు కుర్చీ వేసుక్కూర్చుని, కొమ్మల మీది చిన్న చిన్న నోళ్లు తెరుచుకుంటాయేమోనని ఒక పూటంతా చూశారు. ఒక్కటీ తెరుచుకోలేదు. లైటు తగ్గిద్దామని స్విచ్చు దాకా చెయ్యి చాపారు. అంతలో ఫోను. "ఈసారి షీల్డు మీదేనటగా!" అన్నారు ఎవరో. చాపిన చెయ్యి వెనక్కి వచ్చేసింది.

తనిఖీ రోజు పొద్దుటికి పగడం సున్నం కొట్టిన గోడలా ఉంది. భార్య తొట్టి అడుక్కి టార్చి వేసి చూపించింది. రాతి నీడన చిటికెన వేలంత కొమ్మ ఒకటి, గోధుమరంగులో ఉంది. దాని నోళ్లు మాత్రం తెరుచుకుని ఉన్నాయి.

"ఇదొక్కటే మిగిలిందండీ. ఇవాళ లైట్లు తగ్గించారంటే దీన్నుంచే మళ్లీ మొత్తం లేస్తుంది. ఇదీ పోయిందా, ఇక లేనట్టే."

కళ్లజోళ్లాయనకు ప్రాణం లేచొచ్చింది. కళ్లు చెమ్మగిల్లాయి. "తగ్గిస్తాను, ఒట్టు. డాక్టరుగారిని వచ్చి వెళ్లిపోనీ" అన్నారు.

డాక్టరుగారు కార్యవర్గ సమేతంగా విచ్చేశారు. అందరికీ నల్లద్దాలు పంచారు. డాక్టరుగారు రంగుల అట్టను గాజుకు ఆనించి, గొంతు సవరించుకున్నారు. "సోదర సభ్యులారా! నా ముప్ఫై ఏళ్ల వృత్తి జీవితంలో ఇంతటి శుభ్రతను నేనెరగను. పుచ్చు లేదు, పాచి లేదు. నిరుడు నలభై దగ్గర నిలిచిపోయిన పగడం క్రమశిక్షణతో ఏ ఎత్తుకు ఎదిగిందో చూడండి! మన ఇళ్లలోని పగడాలన్నీ దీన్ని చూసి బుద్ధి తెచ్చుకోవాలి!" కార్యవర్గం చప్పట్లు కొట్టింది. డాక్టరుగారు పెన్ను తీసి తొంభై తొమ్మిది వేస్తూ, ఎందుకో అడుక్కి వంగి చూశారు.

"అదిగో, అక్కడ గార పట్టింది. మచ్చలా ఉంది. గీకేస్తే పోతుంది" అంటూ జేబులోంచి పనిముట్టు తీసి, చొక్కా చెయ్యి పైకి మడిచారు.

గుమ్మంలో నిలబడ్డ భార్య భర్త వంకే చూస్తోంది. కళ్లజోళ్లాయన ఒకడుగు ముందుకు వేశారు.

"డాక్టరుగారూ, అదీ..."

"చెప్పండి, మొహమాటపడకండి."

"అది తీసేస్తే నూరు వేస్తారా?"

వేశారు. సభ్యులందరూ కళ్లజోళ్లాయన వాడిన లైట్ల వివరాలు రాసుకుని మరీ వెళ్లారు. ఆ చిన్న కొమ్మను చూసుకుందామని ఆ రోజుకు పెట్టిన సెలవును రద్దు చేసుకుని భార్య డ్యూటీకి వెళ్లిపోయింది.

కళ్లజోళ్లాయనను తిట్టదలచిన పాఠకులు నిరభ్యంతరంగా వచ్చి తిట్టవచ్చు. ఒక్కటే షరతు. ఇంట్లో పిల్ల నూటికి తొంభై తొమ్మిది తెచ్చి చూపించిన రోజున, ఆ ఒక్క మార్కూ ఏమైందని అడిగి ఉండకూడదు. ఈ షరతు సంఘం నోటీసు బోర్డు మీద అంటించి నెల దాటింది. ఇంతవరకూ ఎవరూ రాలేదు.