సీసా లేని జబ్బు

ఆ ఉదయం గుమాస్తా పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆసుపత్రి మంచం మీదున్న మామగారికి గడ్డం గీయాలి. పదింటికి తన ఆఫీసరు చూడటానికి వచ్చినప్పుడు, వేలాడే సెలైన్ సీసా పక్కన దిగులుగా నిలబడాలి. అంతే, ఉద్యోగం నిలబడుతుంది.

ఆఫీసరుగారు ఊరికే రావడం లేదు. ఒకే మేనత్తకు మూడుసార్లు గుండెపోటు తెప్పించి సెలవు పెట్టిన ఘనచరిత్ర గుమాస్తాది. ఈసారి మామగారి కడుపులో నిజంగానే పుండు పడి, నిజంగానే నెత్తురు కక్కుకుంటే నమ్మే నాథుడు లేడు. "కళ్ళారా చూస్తాను. అబద్ధమని తేలిందో, సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు ఆఫీసరు.

సరిగ్గా తొమ్మిదిన్నరకి డాక్టరమ్మ వచ్చి సీసా తీయించేసింది.

"అదేంటమ్మా! సీసా లేకపోతే పుండు మళ్ళీ కారదూ?"

"మొన్న కెమెరా గొట్టం వేసి రక్తం ఆపేశాం కదండీ. ఇక కడుపులో యాసిడ్ తగ్గితే చాలు. నరంలోకి ఎక్కించినా, నోట్లో వేసుకున్నా మందు అదే. చక్కగా మింగుతున్నారు, ఈయనకి మాత్ర సరిపోతుంది."

"లోపలికి సరిపోతుందమ్మా, చూసేవాళ్ళకి సరిపోవద్దూ?"

డాక్టరమ్మ అతన్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

మామగారు దిండుకి ఆనుకుని పేపరు చదువుకుంటున్నారు. అప్పుడే గీసిన బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. పెళ్ళికొడుకులా ఉన్న ఆ మనిషిని చూస్తే గుమాస్తాకి ఏడుపొచ్చింది. ఖాళీ అయిన పక్క మంచం దగ్గర మిగిలిపోయిన స్టాండునీ సీసానీ ఈడ్చుకొచ్చి, గొట్టం కొసని మామగారి మణికట్టుకి ప్లాస్టరుతో అతికించాడు.

"కాస్త మూలగండి మామయ్యగారూ. ఎక్కువొద్దు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వయసులో నాటకాలు వేసిన మనిషి, ఇన్నేళ్ళకి వేషం దొరికితే వదులుతారా? "పోతున్నానర్రా! అమ్మాయిని పిలవండి!" అని వార్డు దద్దరిల్లేలా కేక పెట్టారు. పరుగున వచ్చిన నర్సు సీసా చూసింది, కేక విన్నది, మళ్ళీ నెత్తురు కారుతోందనుకుని స్ట్రెచర్ తెప్పించింది. నిజం చెప్పబోయిన గుమాస్తాకి గుమ్మంలో ఆఫీసరుగారు కనిపించారు. తెరిచిన నోరు మూసుకున్నాడు. మధ్యలో వేషం తీసేయడం పరువు తక్కువని మామగారూ కళ్ళు తేలేశారు. ఇద్దరి పుణ్యమా అని కెమెరా గొట్టం మళ్ళీ ఆయన గొంతులోకి దిగింది.

"నిన్ను అనుమానించానయ్యా, ఏమనుకోకు" అంటూ ఆఫీసరుగారు గుమాస్తా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి జారింది. వెనకే ఆఫీసరుగారూ జారి నేల మీద కూలబడ్డారు. మోకాళ్ళ నొప్పులకని నెల్లాళ్ళుగా మాత్రలు మింగి కడుపు పాడుచేసుకున్నారట. విరేచనం నల్లగా అవుతున్నా ఎవరికీ చెప్పలేదట.

మధ్యాహ్నానికి అన్నీ తేలాయి. మామగారి పుండు చక్కగా మానుతోంది. ప్లాస్టరు పీకి చూసిన డాక్టరమ్మ గుమాస్తాకి కడుపునిండా చీవాట్లు పెట్టింది. ఆఫీసరుగారికీ గొట్టం వేసి చూస్తే చిన్న పుండే, నెత్తురు దానంతటదే ఆగింది, మాత్రలు చాలన్నారు. పక్క మంచమే ఇచ్చారు, దాంతో గుమాస్తా తిన్న చీవాట్లన్నీ ఆయన చెవినా పడ్డాయి.

ఆఫీసరుగారు అరచేతిలోని మాత్రని చాలాసేపు చూసి, గుమాస్తాని దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"సాయంత్రం హెడ్డాఫీసు వాళ్ళు నన్ను చూడ్డానికొస్తున్నారయ్యా. కిందటేడు సెలవు కోసం మా తోడల్లుడి కాలు రెండుసార్లు విరగ్గొట్టాన్లే. ఇంత చిన్న మాత్ర చూపిస్తే నమ్ముతారంటావా? ఆ స్టాండు ఎక్కడ పెట్టావు?"

"మూలగడం నేను నేర్పిస్తాను" అన్నారు మామగారు, పేపరు దించకుండానే.

గుమాస్తాకి ఆ పూటే మరో వారం సెలవు మంజూరైంది, కారణం రాయనక్కర్లేకుండా.