రిబ్బన్ రద్దయింది, కత్తెర మిగిలింది

"నా ప్రాణం పోయినా సరే, ఒక్క నూలుపోగు కూడా వృథా కానివ్వను!" అని చేనేత మంత్రిగారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. కార్యకర్తలం చప్పట్లు కొట్టాం. ఆయన ప్రాణానికి వచ్చిన ముప్పేమిటో తెలియకపోయినా నాకు కళ్ళు చెమర్చాయి.

'జీరో వేస్ట్ మిషన్' ప్రారంభోత్సవానికి మా బావ మగ్గం ఎంపికైంది. నేనే చెప్పి చేయించాను. సొంత బావకి ఆ మాత్రం చేయకపోతే రాజకీయాల్లో ఉండి ఏం లాభం? బావ జన్మంతా చీరలు నేశాడు గానీ, నేసిందల్లా అమ్మకానికే పోయేది. అక్క ఒంటిమీద ఆ మగ్గం చీర ఏనాడూ పడలేదు. ఈసారి పట్టుబట్టి అక్క కోసమే ఎర్రచీర మొదలుపెట్టాడు. ఆకుపచ్చ అంచు అక్క ముచ్చట. చీర సగం అయింది.

ముందురోజు ఆఫీసరుగారు వచ్చి, గుమ్మానికి కట్టిన రిబ్బన్ చూసి ఉలిక్కిపడ్డారు.

"ఇది ప్లాస్టిక్ కదయ్యా! మన మిషన్ పరువేం కాను? తీసెయ్!"

తీసేశాం. కత్తెర సంగతి ఆర్డర్‌లో లేదు కాబట్టి కత్తెర ఉండిపోయింది.

మర్నాడు పళ్ళెంలో కత్తెరతో నేను మంత్రిగారి ముందు నిలబడ్డాను. ఆయన అలవాటుగా అందుకున్నారు. అటు చూశారు, ఇటు చూశారు. మగ్గం మీద బిగించి ఉన్న ఎర్రటి పడుగు దారాలు కనిపించాయి. ముఖం విప్పారింది. కసుక్కున కత్తిరించారు.

చప్పట్లు మోగిపోయాయి.

"అయ్యో, నా చీర!" అని అక్క గుండెలు బాదుకుంది.

"ఆనందం పట్టలేకపోతోంది," అని ఆఫీసరుగారు విలేకరులకు వివరించారు.

"సార్, ఫోటో సరిగా పడలేదు. ఇంకొక్కసారి," అన్నాడు ఫోటోగ్రాఫర్.

మంత్రిగారికి విసుగన్నదే లేదు. మిగిలిన దారాలు కూడా కత్తిరించారు.

బావ తెగిన పోగులు చేతిలోకి తీసుకున్నాడు. "అయ్యా, పడుగు తెగిపోయిందండీ. నడిమధ్యలో ముడులు పడితే అదిక చీర కాదండీ."

"దిగులుపడకయ్యా. నేనుండగా ఒక్క పోగు వృథా కాదు," అని మంత్రిగారు భుజం తట్టారు.

మాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు. నేసిన గుడ్డనంతా ఆఫీసరుగారు కోయించి జీపులో వేయించుకుపోయారు. అక్క ఆ పూట పొయ్యి వెలిగించలేదు. నాకు కాఫీ కూడా ఇవ్వలేదు. విధానపరమైన విషయాలు కొందరికి ఓ పట్టాన అర్థం కావు.

నెల తిరక్కుండా మరో ప్రారంభోత్సవం. మంత్రిగారు స్వయంగా కబురు చేసి బావనీ అక్కనీ పిలిపించారు. రిబ్బన్ ఒక కొస అక్క చేతికిచ్చారు. ప్లాస్టిక్ కాదు, అసలైన చేనేత! ఎర్రగుడ్డ, ఆకుపచ్చ అంచు.

"గట్టిగా పట్టుకో అమ్మా, జారిపోతుంది," అన్నారు మంత్రిగారు.

అక్క అంచుని వేళ్ళతో తడిమింది. బావ తల తిప్పుకున్నాడు. కత్తెర పడింది.

లోపల యంత్రాలు ఒక్కసారిగా మోత పెట్టాయి. పాలిస్టర్ చీరల ఫ్యాక్టరీ, గంటకో గుట్ట తీస్తుందట. మొదటి చీర మంత్రిగారు తమ చేతుల మీదుగా అక్కకే ఇచ్చారు. ఎర్రచీర, ఆకుపచ్చ అంచు.

"చూశావా అక్కా, నీ ముచ్చట తీరింది!" అన్నాను.

ఆఫీసరుగారు చెయ్యి చాపారు. "అమ్మా, ఆ రిబ్బన్ ముక్క ఇటివ్వండి. వృథా కాకూడదు."

అక్క దాన్ని బొడ్లో దోపుకుని, పాలిస్టర్ చీర ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. జీరో వేస్ట్ మిషన్‌లో ఇంతవరకూ వృథా అయింది ఆ ఒక్క ముక్కేనని ఆఫీసరుగారు రిపోర్టులో రాశారు.