త్రిమూర్తులు మాస్టారి లినక్స్ నారుమడి

ఆ ఆదివారం పొద్దున త్రిమూర్తులు మాస్టారు ఒక్క పనే పెట్టుకున్నారు: కంప్యూటర్లో విండోస్ బదులు పెట్టుకునే లినక్స్‌లు మూడు రకాలు పోల్చి చూసి, ఒకటి ఎంచుకోవడం.

ఆయన లాప్‌టాప్ పాతది. విండోస్ తెరుచుకునేసరికి కాఫీ చల్లారిపోయేది. అయినా రోజూ తెరిచేవారు. ఏడాది కిందట పోయిన భార్య అచ్చాయమ్మ, పనసపొట్టు కూర ఎలా వండాలో ఫోన్లో చెల్లెలికి చెబుతుంటే ఆయన సరదాకి రికార్డు చేసిన పన్నెండు నిమిషాల గొంతు అందులో ఉంది. అది వినందే టిఫిన్ ముట్టేవారు కాదు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మేనకోడలు దేవిశ్రీ మూడు పెన్‌డ్రైవులు ఇచ్చి వెళ్ళింది. "మింట్, ఉబుంటు, ఫెడోరా. ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూడండి మావయ్యా. వైఫై అందుతోందా, సౌండొస్తోందా, తెలుగు అక్షరాలు బావున్నాయా, స్పీడుందా, అంతే. నచ్చింది సాయంత్రం నేనొచ్చి ఎక్కిస్తాను."

ఎంత చక్కగా చెప్పిందో! మాస్టారూ అంత చక్కగానే మార్కుల పట్టిక గీసుకున్నారు. సరిగ్గా అప్పుడే దాపురించాడు పక్కింటి రైతు బుల్లబ్బాయి. పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూస్తానంటే నవ్వాడు.

"సంచిలో ఇత్తనం చూసి రకం చెప్పేత్తారేంటండి మాస్టారూ? మళ్ళో పడాలండి!"

ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి ఈ లెక్కకి పడిపోయారు. మింట్‌ని ఇన్‌స్టాల్ చెయ్యబోతే, డిస్కు మొత్తం చెరిపెయ్యమంటారా అని అడిగింది స్క్రీను.

"దున్నకుండా నారెక్కడ పోత్తామండి? కానిచ్చెయ్యండి."

"ఇందులో మా ఆవిడ గొంతుందయ్యా."

"దున్నితే పాత దుబ్బులు పోతాయి గానండి, గట్టు మీద కొబ్బరిచెట్టు పోద్దేంటండి?"

సబబుగానే తోచింది. నొక్కేశారు.

మింట్ ముచ్చటగా వచ్చింది. వైఫై అందింది. అచ్చాయమ్మ గొంతు మాత్రం లేదు. మాస్టారు ప్రతి ఫోల్డరూ తెరిచి చూశారు.

"ఈ రకానికి ఆ ఫైలు కనపడ్డంలేదేమోనండి. ఇంకోటి ఏసి చూద్దారి" అన్నాడు బుల్లబ్బాయి.

మింట్‌కి ఐదు మార్కులు కోసి, దాన్ని చెరిపి ఉబుంటు ఎక్కించారు. అదీ చూపలేదు. దానికీ ఐదు కోశారు. ఫెడోరా ఎక్కించేటప్పటికి ఆయన మార్కులు వెయ్యడం కూడా మానేశారు.

సాయంత్రం దేవిశ్రీ వచ్చి రెండు గంటలు వెతికింది. ఫైలు దొరకలేదు.

"మొదటిదానితో ఆగుంటే ఎలాగోలా వెనక్కి లాగేదాన్నేమో మావయ్యా. చెరిపిన చోటే మళ్ళీ మళ్ళీ రాసేశారు."

బుల్లబ్బాయి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "నా వల్లేనండి మాస్టారూ. తప్పయిపోయిందండి."

మాస్టారు కండువా మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అచ్చాయమ్మ పోయిన రోజున వచ్చినవాళ్ళకి మర్యాదలు చేస్తూ దాచుకున్న ఏడుపు కూడా అందులో ఉంది.

ఒక్కరోజులో మూడు లినక్స్‌లు ఎక్కించిన మాస్టారని వారం తిరక్కుండా పేటంతా పేరొచ్చింది. కొత్తగా లినక్స్ పెట్టుకోవాలనుకున్న ప్రతివాడూ ఆయన అరుగెక్కి, "ఏది మంచిదండి?" అని అడగడం మొదలెట్టాడు. మాస్టారు మూడింటి మంచిచెడ్డలూ ఓపిగ్గా చెప్పి, చివర్లో, "ఏదైనా పరవాలేదు గానీ, ముందు మీ ఆవిడ గొంతు ఇంకోచోట కూడా దాచుకోండి" అంటారు.

ఇంటికెళితే తమ ఆవిడ గొంతు వీధి చివరికి వినపడే ఆ మనుషులు, మిగతావన్నీ రాసుకుని, ఆ చివరి మాట ఒక్కటీ రాసుకోకుండా వెళ్ళిపోతున్నారు.